అన్నను ఎందుకు వదిలేశారు?



ఈ హాస్టల్లో ఆరో తరగతిలో చేరి పదో తరగతి దాకా ఉన్నాను. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడిని నేనే. సంచికకు ఏదైనా రాయమంటే చదువు గొప్పతనం గురించి రాద్దామనుకున్నాను. కానీ కొన్ని నెలలుగా ఒక టీవీ సీరియల్ విలన్ నా బుర్ర తొలుస్తున్నాడు. వాడి గురించే రాస్తాను.

ఆ సీరియల్ పేరు 'డెక్స్‌టర్'. అమెరికాలో 2006 నుంచి 2013 వరకు ఎనిమిది సీజన్లు వచ్చింది. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట ఆపుకుంటూ మొదటి సీజన్ పూర్తి చేశాను.

కథ మయామీ నగరంలో జరుగుతుంది. 1973లో ఒక తల్లిని ఇద్దరు కొడుకుల కళ్ళ ముందే, ఓడ సరుకు వేసే ఇనుప పెట్టెలో నరికి చంపుతారు. పిల్లలు ఆ రక్తంలోనే కూర్చుని ఉంటారు. హ్యారీ అనే పోలీసు వచ్చి చిన్నవాడైన డెక్స్‌టర్‌ను ఎత్తుకుంటాడు, ఇంటికి తీసుకెళ్ళి పెంచుకుంటాడు. పెద్దవాడు బ్రయన్‌ను మాత్రం తీసుకెళ్ళడు. వాడు మానసిక వైద్యశాలలో పెరుగుతాడు. చిన్నవాడికి తనకొక అన్న ఉన్నాడన్న సంగతే గుర్తుండదు.

పెద్దయ్యాక బ్రయన్ తమ్ముడిని వెతుక్కుంటూ వస్తాడు. ఎదురుగా వచ్చి 'నేను నీ అన్నను' అనడు. పేరు మార్చుకుంటాడు. కృత్రిమ అవయవాలు అమర్చే మర్యాదస్తుడిగా పరిచయమై, హ్యారీ సొంత కూతురు డెబ్రాను ప్రేమిస్తున్నట్టు నటిస్తాడు. మరోపక్క హత్యలు చేస్తూ, తమ్ముడికి పాత సంగతులు గుర్తొచ్చేలా ఒక్కో ఆనవాలూ వదులుతాడు. చివరికి డెబ్రాను కట్టేసి, చంపమని తమ్ముడి ముందు పెడతాడు. వాడి లెక్క ఒక్కటే: నేను నీ రక్తం, ఆమె పరాయిది.

'అనాథగా అలాంటిచోట పెరిగినవాడు ఇంకెలా తయారవుతాడు?' అన్నాడు మా రూమ్మేట్. ఈ మాట నేను ఒప్పుకోను. ఇంట్లో పెరిగిన డెక్స్‌టర్ కూడా హంతకుడే కదా! చట్టానికి దొరకని హంతకులనే చంపాలని హ్యారీ వాడికి ఒక హద్దు గీశాడు, అంతే తేడా. మనమంతా హాస్టల్ పిల్లలం. బయట పెరిగితే చెడిపోతారనే మాట ఎన్నోసార్లు విన్నాం. ఆ మాటకు ఈ కథను సాక్ష్యంగా తెచ్చుకోవద్దు.

నా అభిప్రాయం ఇది. 'నన్నెందుకు వదిలేశారు?' అన్న బ్రయన్ ప్రశ్న న్యాయమైనది. దానికి వాడు వెతుక్కున్న జవాబు దుర్మార్గం. వదిలేసింది హ్యారీ. శిక్ష పడింది వాడికి ఏ అపకారమూ చేయని ఆడవాళ్ళకు. బంధుత్వాన్ని అప్పు పత్రంలా చూపి, మిగతా మనుషులందరినీ వదులుకోమనేవాడు అన్న ఎలా అవుతాడు? డెక్స్‌టర్ రక్తం పంచుకోని చెల్లెలి వైపే నిలబడ్డాడు. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంట్లోనూ ఇద్దరం. నాకు హాస్టల్ సీటు వచ్చిన ఏడాదే అమ్మకు జబ్బు చేసింది. ఏడో తరగతి పాసైన అక్క బడి మానేసి వంట పట్టింది, మిరపకాయ కోతలకు వెళ్ళింది. నా ట్రంకు పెట్టె ఆ కూలి డబ్బులతోనే కొన్నారు. ఎప్పుడు అడిగినా 'నువ్వు చదివితే నేను చదివినట్టే కదరా' అని నవ్వేది. ఆ నవ్వును నేనూ హాయిగా నమ్మేశాను.

మర్నాడు ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'లెక్కలు నాకు బాగా వచ్చేవి రా' అంది. అంతే.

అక్క ఎవరిమీదా పగ పట్టలేదు, నన్ను ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి బాకీ లేదనుకోవడం నా తప్పు. కథల్లో వదిలేసినవాడు కత్తి పట్టుకుని వస్తేగాని ఎవరికీ గుర్తురాడు. మన ఇళ్ళలో వదిలేసినవాళ్ళు పండక్కి మనకు అన్నం వడ్డిస్తారు.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి పై వయసు పరిమితి లేదు. అక్క పేరున దరఖాస్తు నింపుతున్నాను. లెక్కల పుస్తకం ముందే ఇచ్చి వచ్చాను. బావ మొదట నవ్వాడు, ఇప్పుడు పిల్లలను పడుకోబెడుతున్నాడు.

పాత విద్యార్థులైన అన్నలకు, అక్కలకు నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవం నాడు మన ఎదుగుదల గురించి మైకులో చెప్పుకుందాం, తప్పులేదు. ఇంటికెళ్ళాక మాత్రం, మన సీటు కోసం బడి మానేసింది ఎవరో వాళ్ళ పక్కన కూర్చుని అడగండి, ఏ సబ్జెక్టు ఇష్టంగా ఉండేదని.