తోటలోకి యిల్లు

‘యిల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న పెద్దలు, కట్టిన యింటిని విప్పి మరోచోట నిలబెట్టి చూడమని మాత్రం అనలేదు. ఆ ముచ్చట యీ యేడాదిగా మా యింట్లో జరుగుతోంది.

కోనసీమలోని మా మామగారి తాతలనాటి మండువా లోగిలి వాటాల్లో పడింది. స్థలం ఆయన తమ్ముడిగారికి, కలపా పెంకూ మాకూ వచ్చాయి. స్తంభాలకీ, చెక్కిన గుమ్మాలకీ బేరగాళ్ళు యెగబడ్డారు. పట్నంలో హోటళ్ళకి అలంకారంగా పెట్టుకుంటారట! “ఆ గుమ్మం దాటే కాపురానికొచ్చాను. దాన్ని యెవరి గోడకో తగిలిస్తే చూడలేను” అన్నారు మా అత్తగారు. దాంతో మూడు కిలోమీటర్ల అవతలున్న మా తోటలోకి యింటిని తరలించాలని తేలింది.

యిదేం చోద్యమంటారా? శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. రాతి గుడే కదలగా లేనిది, కర్ర యిల్లు కదలదా?

కదులుతుంది. విప్పటం నలుగురు వడ్రంగులకి పదిహేను రోజుల పని. అసలు తంటా అంతా చోటు సిద్ధం చెయ్యటంలోనే వుంది. నలభై సెంట్ల తోట. కొబ్బరి, మామిడి, ఒక పనస, వాటి కింద మనిషెత్తు తుప్పలు. మావారు మర్నాడే గొడ్డలి తెప్పిస్తానన్నారు. పెద్ద మేస్త్రి ఒప్పుకోలేదు. “ఒక వానాకాలం చూడండి బాబూ” అన్నాడు. చూశాం. నీళ్ళు నిలిచిన చోటల్లా వెదురు గూటాలు పాతాం. యెండలో చదునుగా కనిపించిన నేల, శ్రావణంలో సగం చెరువయింది. మండువాలో పడ్డ వానంతా తూములోంచి బయటికి పోవాలి గదా! ఆ నీటికి వాలు యెటో తెలియకుండా పునాది యెక్కడ తియ్యగలం?

తరువాత కొబ్బరిచెట్ల సంగతి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో కొబ్బరితోటల్ని యెలా పడగొట్టిందో చూసినవారు, యింటిమీదికి వాలిన చెట్టుని వుంచరు. అలాంటివి రెండున్నాయి, అవి పోక తప్పదు. అయితే సొంత తోటే కదా అని గొడ్డలి యెత్తకండి. 2002 నాటి వాల్టా చట్టం వుంది. యే చెట్టుకి అనుమతి కావాలో ముందు కనుక్కోండి.

కొట్టిన చెట్టు మొదలు నేలలో వదిలేసి, పైన మట్టి కప్పేసేవాళ్ళని చూశాను. నా దృష్టిలో అది శుద్ధ బద్ధకం. ఆ మొదలు కుళ్ళి గుల్లవుతుంది, పైన గచ్చు కుంగుతుంది, చెదలు అక్కడ కాపురం పెట్టి మెల్లిగా మీ దూలాల దాకా వస్తాయి. మేము వేళ్ళతో సహా పెకలించి, గోతుల్లో ఇసుక పొరలు పొరలుగా పోసి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టించాం. స్తంభాలు నేల తగలకుండా రాతి దిమ్మెల మీద నిలబడతాయి. అరుగులు పూర్తయ్యాకనే అక్కడ పెంకు దించాలని మేస్త్రి షరతు. విప్పిన కలప వానలో పడివుండకూడదు. దూలాలకి సుద్దతో అంకెలు వేస్తే చెరిగిపోతాయని ఉలితో గంట్లు పెడుతున్నాడు.

యిహ పనస. ముగ్గు పోసి దారం లాగితే, పడమటి వసారా సరిగ్గా ఆ చెట్టుమీదికి వచ్చింది. అది మా బావగారు పుట్టిన యేడు మామగారు నాటింది. ఆ బావగారు యిప్పుడు లేరు. “చెట్టు కొట్టేస్తే పోలా?” అన్నారు మావారు. మామగారు మాట్లాడకుండా వెళ్ళి చెట్టుకి చెయ్యానించి నిలబడ్డారు. మేస్త్రి యెవర్నీ అడక్కుండా దారం విప్పి, పధ్నాలుగు అడుగులు తూర్పుకి జరిపి మళ్ళీ కట్టాడు. వేళ్ళకీ పునాదికీ అంత యెడం కావాలట. వాకిట్లో కారు నిలిపే చోటు పోయింది. మావారు రెండు రోజులు సణిగి, కారు కాలవగట్టున పెట్టుకుంటానన్నారు.

మలుపులో లారీ తిరగదు గనక, పెద్ద దూలాలు ట్రాక్టరు మీదే రావాలి. సంక్రాంతి వెళ్ళగానే విప్పటం మొదలు. పెంకు దించే రోజున మా అత్తగారు అక్కడ వుండనన్నారు. పనసచెట్టు కింద కుర్చీ వేయించుకుని, మొదటి ట్రాక్టరు వచ్చేదాకా తోటలోనే కూర్చుంటారట.