దీపాల తలలు వంచండి! కవ్వాల్ చీకటిని కాపాడండి!

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రజలారా!

2024 దసరా దాటగానే పడమటి ఆకాశంలో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చింది. మన తరానికి మళ్లీ రాదు. డాబాలెక్కిన మన పిల్లలకు కనబడ్డది హైమాస్ట్ దీపాల వెలుతురే.

ఇదేమిటని అడిగితే, "కొత్త పరికరాలున్నాయి కదా" అంటున్నారు. ఉన్నాయి. లిక్విడ్ క్రిస్టల్‌ను రెండు గాజు పలకల మధ్య పలుచగా నింపి, గడి గడికీ వేరే వోల్టేజీ ఇస్తే అణువులు వాలు మార్చుకుంటాయి. ఆ మేరకు ఒక్కో గడిలో కాంతి ఆలస్యమవుతుంది. గాలి పొరలు చెదరగొట్టిన నక్షత్ర కాంతి మళ్లీ చదునవుతుంది. కరెంటు కొంచెమే చాలు. ఆ అణువుల వేగం చాలదంటారు, అది ప్రయోగశాలలు తేల్చుకుంటాయి. కానీ ఆ పలక సరిదిద్దేది గాలి వణుకును. మనం కింది నుంచి పైకి పోసిన వెలుతురును ఏ పరికరమూ తుడవలేదు!

చరిత్ర చూడండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నిజామియా వేధశాల పెట్టాడు. అంతర్జాతీయ నక్షత్రపటం కోసం అక్కడ ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. నగరం వెలుగు ముంచెత్తితే ఊరి బయటి రంగాపూర్ పోయి, 1968లో 48 అంగుళాల దుర్భిణి నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికి తరలివచ్చారు. తర్వాత? నగరం అక్కడికీ పాకింది. పాలకులు పట్టించుకోలేదు. దుర్భిణి మూలపడింది.

ఇప్పుడు మన వంతు. రామగుండం బూడిద మనం మింగాలి, ఓపెన్‌కాస్టు దుమ్ము మనం పీల్చాలి. ఆ బొగ్గు కాల్చి తీసిన కరెంటును ఆకాశానికి ధారపోసి, దాన్నే అభివృద్ధి అనాలట! పక్క మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవి 2024లోనే దేశంలో తొలి డార్క్ స్కై పార్కు, అంటే రాత్రి చీకటిని కాపాడే చోటు అయింది. మన కవ్వాల్ అడవి పులులకు, కవ్వాల్ చుక్కలకు ఆ గౌరవం తగదా?

"దీపాలు తీస్తే ఆడపిల్లల భద్రత ఎట్లా?" తీయమన్నదెవరు? తల కిందికి వంచమంటున్నాం. వెలుగు దారి మీద పడితేనే భద్రత.

మా డిమాండ్లు:
ప్రతి వీధి దీపానికీ, హైమాస్ట్‌కూ పైకప్పు బిగించాలి.
కవ్వాల్‌ను డార్క్ స్కై పార్కు చేయడానికి ప్రభుత్వం పూనుకోవాలి.
ఆ అడవి అంచున దుర్భిణి పెట్టాలి. దానికి లిక్విడ్ క్రిస్టల్ పలకను ఉస్మానియా, కాకతీయ, శాతవాహన విశ్వవిద్యాలయాల విద్యార్థులే తయారుచేయాలి.

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి. వాయిదా వేస్తే మళ్లీ పెట్టండి. ఓటడగ వచ్చినవాళ్ల ముందు ఈ కాగితమే పెట్టి సంతకం అడగండి!