బలం బిళ్లలు సరే, చుక్కల మందు మానరాదు

రఘునాథపల్లి: కంటి జబ్బుకు డాక్టరు రాసిచ్చిన మందుతో పాటు ‘కంటికి బలం’ పేరిట అమ్మే బిళ్లలు, పొడులు వాడడం పల్లెల్లో సైతం మామూలైంది. రఘునాథపల్లి మండల ప్రజలకు ఇటు జనగామ, అటు వరంగల్ మందుల షాపులు అందుబాటులోనే ఉన్నాయి. ఇంటికే పార్సెల్ తెప్పించుకునే వీలూ వచ్చింది. వీటిని చికిత్సకు తోడుగా, డాక్టరుకు తెలిపి వాడితే తప్పు లేదు. చికిత్సకు బదులుగా వాడడమే ప్రమాదం.

పోషకాలతో కన్ను నిలిచే జబ్బులు లేకపోలేదు. విటమిన్ ఎ లోపిస్తే పసిపిల్లలకు రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు విటమిన్ ఎ ద్రావకం ఇచ్చే కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు. ఇది లెక్క ప్రకారం ఇచ్చే మందు. గర్భిణులు విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో వాడితే కడుపులోని బిడ్డకే హాని.

వయసు మళ్లినవారిలో కంటి తెర నడిభాగం క్షీణించే జబ్బు ఒకటుంది. అది మధ్య దశలో ఉన్నవారికి విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపి ఇస్తే ముదిరే ప్రమాదం సుమారు 25 శాతం తగ్గినట్టు అమెరికా జాతీయ నేత్ర సంస్థ 2001లో వెల్లడించింది. అయితే అవే బిళ్లలు శుక్లాలను ఆపలేకపోయాయి. పైగా బీటా కెరోటిన్ పొగతాగేవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెంచుతుందని తేలింది. అందుకే 2013 నాటి రెండో పరిశోధన తర్వాత దాని బదులు ల్యూటిన్, జియాజాంతిన్ వాడాలని సూచించారు. బీడీ, చుట్ట అలవాటున్నవారు డబ్బా మీద ఏముందో చదివించుకోకుండా కొనరాదు.

నీటికాసుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే చూపును పక్కల నుంచి తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. కంటిలో ఒత్తిడి తగ్గించే చుక్కల మందు రోజూ వేయవలసిందే. ‘బలం బిళ్లలు వేసుకుంటున్నాం గదా’ అని చుక్కలు మానితే నష్టం తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ముదిరిన శుక్లాలకు ఆపరేషన్ తప్ప వేరే దారి లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుకుని ఏడాదికోసారి కంటి తెర పరీక్ష చేయించుకోవాలి.

శుక్లాలు, నీటికాసులు, అంధత్వం నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. పోషక బిళ్లల డబ్బా మీద ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న అర్థం వచ్చే మాట ముద్రించాలన్న నిబంధన కూడా ఉంది. ఆ మాట ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటే పల్లె రైతుకు ఏం ఉపయోగం?

కూలీనాలీ చేసుకునే ఇంట్లో ముందు డాక్టరు రాసిన మందుకు, తర్వాత పరీక్షకు డబ్బు తీసి పెట్టాలి. మిగిలితేనే బిళ్లల మాట. పెరట్లో మునగాకు, తోటకూర, బొప్పాయి, ఇంట్లో కోడిగుడ్డు ఉండనే ఉన్నాయి. ఆకుకూరను కాస్త నూనెతో వండితే విటమిన్ ఒంటికి బాగా పడుతుంది.

కంటి ఆసుపత్రికి పోయేవారు వాడుతున్న డబ్బాలన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టరుకు చూపాలి. రక్తం పలుచబరిచే మందు వాడేవారికి, ఆపరేషన్ చేయించుకోబోయేవారికి ఇది మరీ ముఖ్యం. విటమిన్ ఇ మోతాదు మించితే రక్తస్రావం పెరగవచ్చు. డాక్టర్లు కూడా ‘ఇంకేమి వాడుతున్నారు?’ అని విసుక్కోకుండా అడగాలి. 2018లోను, 2023లోను కంటి వెలుగు శిబిరాలు ఊరూరా పరీక్షలు జరిపి అద్దాలిచ్చాయి. ఇకముందు జరిపే శిబిరాల్లో ఈ నాలుగు మాటలూ చెప్పించాలి. అంతదాకా ఆశా కార్యకర్తలు ఇంటింటా చెప్పేలా ఆరోగ్యశాఖ అధికారులు చర్యలు తీసుకోవాలి.