ఇంటి తెర: లెమ్మింగులు నిజంగానే దూకాయా?

 

కెనడాలో చలికాలం సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. పార్కుకు పోయే వీలుండదు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. ఇక అక్కడ పేచీ మొదలు! ఇండియా నుంచి వచ్చిన తాతయ్యగారికి పాత తెలుగు సినిమా కావాలి, పిల్లలకు కార్టూన్లు కావాలి, నాన్నగారికి హాకీయో క్రికెట్టో కావాలి. ఈ ముగ్గురికీ రాజీ కుదిర్చే శక్తి ఒక్క అడవి జంతువుల చిత్రాలకే ఉంది. ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా ఏనుగు పిల్ల తల్లిని వెతుక్కుంటుంటే కళ్ళు తుడుచుకుంటుంది. అందుకే ఈ సంచికలో వాటి గురించి నాలుగు మాటలు.

వీహెచ్‌ఎస్ క్యాసెట్ల రోజుల నుంచీ ఒక అలవాటు ఉంది. రకరకాల సీరియళ్ళలోంచి మరపురాని ఘట్టాలను ఏరి, ఒక క్యాసెట్‌గానో డిస్క్‌గానో కూర్చి అమ్మేవారు. బీబీసీ వారు డేవిడ్ అటెన్‌బరోతో తెచ్చిన 'గ్రేట్ వైల్డ్‌లైఫ్ మూమెంట్స్' అలాంటిదే. మన పెళ్ళివిందులో అన్ని పిండివంటలూ ఒకే విస్తట్లో వడ్డించినట్టు ఉంటాయి ఇవి. ఇప్పుడు కాలం మారి అన్నీ స్ట్రీమింగ్‌లోకి వచ్చేశాయి. అయినా మన ఊళ్ళలోని పబ్లిక్ లైబ్రరీల్లో ఇలాంటి డీవీడీలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

ఇలాంటి సంకలనాలకు తగిన ఘట్టాలు కొన్ని చూడండి. 1978లో రువాండా కొండల్లో అటెన్‌బరో గొరిల్లాల మధ్య కూర్చున్నారు. గొరిల్లాల బొటనవేలు గురించి పాఠం చెబుదామని వెళ్ళిన మనిషి, పిల్ల గొరిల్లాలు వచ్చి మీద పడి బూట్లు లాగుతుంటే పాఠం మరచిపోయి నవ్వుతూ ఉండిపోయారు. ఆ దృశ్యం 1979లో 'లైఫ్ ఆన్ ఎర్త్' సీరియల్‌లో వచ్చింది. 1990 నాటి 'ట్రయల్స్ ఆఫ్ లైఫ్'లో అర్జెంటీనా తీరాన ఓర్కా తిమింగలాలు అలతో పాటు ఒడ్డు మీదికి దూసుకొచ్చి సీ లయన్ పిల్లలను పట్టుకుపోతాయి. 1998లో వచ్చిన 'ది లైఫ్ ఆఫ్ బర్డ్స్'లో ఆస్ట్రేలియా లైర్‌బర్డ్ కెమెరా క్లిక్‌మనే చప్పుడునూ, చెట్లు కోసే రంపం మోతనూ అచ్చంగా అనుకరిస్తుంది. మన పిల్లలు ఆ పిట్టను చూసి వారం రోజుల పాటు ఇల్లంతా రంపం మోత మోగించకపోతే నన్నడగండి!

అయితే ఈ విందులో ఒక చిక్కుంది. వరసగా గొప్ప ఘట్టాలే చూస్తుంటే అడవిలో ప్రతి నిమిషం ఏదో ఒక వేట, ఏదో ఒక పోరు జరుగుతూనే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. తర్వాత అల్గాంక్విన్ పార్కుకు తీసుకెళ్తే, పది నిమిషాలకే "ఒక్క మూస్ కూడా రాలేదేం నాన్నా?" అని విసుక్కుంటారు. అక్కడ ఏమీ జరగడం లేదని వాళ్ళ ఫిర్యాదు. 2006 నాటి 'ప్లానెట్ ఎర్త్'లో పాకిస్తాన్ కొండల్లో మంచు చిరుత వేట కొన్ని నిమిషాలే కనిపిస్తుంది. ఆ నిమిషాల కోసం కెమెరా వాళ్ళు ఒక చలికాలం వెళ్ళి, మళ్ళీ మరో చలికాలం వెళ్ళి, గడ్డకట్టే చలిలో వారాల తరబడి కాపు కాశారు. డిస్కు మీద ఆ ఎదురుచూపు ఉండదు. ఉంటే ఎవరు కొంటారు?

ఎదురుచూసే ఓపిక లేనివాళ్ళు ఏం చేస్తారో చెప్పే కథ ఒకటి మన కెనడాలోనే జరిగింది. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

చెప్పుడు మాటలు నమ్మకు, కంటితో చూసింది నమ్ము అంటారు మన పెద్దలు. 1958లో డిస్నీ వారి 'వైట్ వైల్డర్‌నెస్' అనే చిత్రం వచ్చింది. ఉత్తర ధ్రువ ప్రాంతపు జంతువుల గురించిన ఆ చిత్రానికి డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ కూడా ఇచ్చారు. అందులో లెమ్మింగులు కనిపిస్తాయి. లెమ్మింగ్ అంటే ఎలుకల కుటుంబానికి చెందిన, బొద్దుగా ఉండే చిన్న జంతువు. ఆ లెమ్మింగులు గుంపులు గుంపులుగా పరుగెత్తి కొండ అంచు నుంచి నీళ్ళలోకి దూకుతాయి. దాంతో లెమ్మింగులు మూకుమ్మడిగా ప్రాణాలు తీసుకుంటాయన్న పాత పుకారు, కంటితో చూసిన సత్యమై కూర్చుంది.

ఆ దృశ్యం తీసింది ఆల్బర్టాలో. మ్యాపు తీసి చూడండి పిల్లలూ, ఆల్బర్టాకు సముద్రమే లేదు! చిత్రం తీసిన చోట ఆ లెమ్మింగులు కూడా లేవు. మానిటోబాలో ఇన్యూట్ పిల్లల దగ్గర కొన్ని లెమ్మింగులను కొనుక్కొచ్చారు. మంచు పరచిన ఒక గుండ్రటి బల్లను తిప్పుతూ, దాని మీద వాటిని పరుగెత్తించి, కెమెరా దగ్గరగా పెట్టి తీశారు. కొన్ని డజన్ల జంతువులు తెర మీద వేల మందలా కనిపించాయి. చివరికి వాటిని గట్టు మీద నుంచి నదిలోకి తోశారు. అదే సముద్రమని చూపించారు. అదే చిత్రంలో మంచు వాలు మీద నుంచి ఒక ధ్రువపు ఎలుగుబంటి పిల్ల దొర్లుకుంటూ పడిపోతుంది. దాన్ని కాల్గరీలో సెట్టు వేసి తీశారు.

ఈ గుట్టు రట్టు కావడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. 1982లో సీబీసీ వారి 'ది ఫిఫ్త్ ఎస్టేట్' కార్యక్రమంలో బాబ్ మెక్‌కియోన్ 'క్రూయెల్ కెమెరా' పేరుతో సినిమాల కోసం జంతువులను ఎలా హింసిస్తారో బయటపెట్టారు. లెమ్మింగుల కథ కూడా అందులోనే తేలింది.

అసలు నిజం ఏమిటి? లెమ్మింగుల సంఖ్య కొన్నేళ్ళకోసారి విపరీతంగా పెరిగి, మళ్ళీ పడిపోతుంది. ఎక్కువైనప్పుడు తిండి కోసం, చోటు కోసం చెల్లాచెదురుగా వలస పోతాయి. దారిలో నీళ్ళు అడ్డం వస్తే ఈదుతాయి. కొన్ని మునిగిపోతాయి. అంతే. బతకడానికి పోయే ప్రాణిని, చావడానికి పోతోందని లోకమంతా చాటారు. ఈ రోజుకూ ఇంగ్లీషులో బుద్ధి లేకుండా మంద వెంట పోయేవాణ్ణి లెమ్మింగ్ అనే అంటారు. రేపు బడిలో మీ పిల్లల చెవిన ఆ మాట పడవచ్చు. అప్పుడు ఈ కథ చెప్పమనండి. నిజానికి ఆ చిత్రం చూసి ఆలోచించకుండా నమ్మిన మనుషులే గొర్రెల మందలా ప్రవర్తించారు.

మరి బోనులోని జంతువును తీయడమే తప్పా? అలా అనలేం. ఇందుకు కూడా కెనడాలోనే మంచి ఉదాహరణ ఉంది. పడవ ప్రయాణాల చిత్రాలతో పేరు పొందిన బిల్ మేసన్, నేషనల్ ఫిల్మ్ బోర్డు కోసం తోడేళ్ళ మీద 1971లో 'డెత్ ఆఫ్ ఎ లెజెండ్', ఆ మరుసటి ఏడాది 'క్రై ఆఫ్ ది వైల్డ్' తీశారు. తోడేలు అంటే పిల్లల్ని ఎత్తుకుపోయే రాక్షసి అన్న భయాన్ని పోగొట్టాలని ఆయన తపన. అడవిలో తోడేళ్ళను దగ్గరగా తీయడం ఆయన వల్ల కాలేదు. అందుకని తోడేళ్ళను తెచ్చి కంచె వేసిన ఆవరణలో పెంచి, వాటి కాపురాన్ని చిత్రీకరించారు. ఆ సంగతిని సినిమాలోనే ప్రేక్షకులకు చెప్పారు. అక్కడా మనిషి తెచ్చిన జంతువులే, ఇక్కడా మనిషి తెచ్చిన జంతువులే. ఒకరు దాచారు, ఒకరు చెప్పారు. ఒకరి చిత్రం జంతువుకు అపకీర్తి తెచ్చింది, ఒకరి చిత్రం అపకీర్తిని తుడిచింది.

ఈ ముచ్చట పాత రోజులతో పోలేదు. 2011లో బీబీసీ 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లలు పుట్టిన దృశ్యాన్ని నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో తీశారని తెలిసి పెద్ద దుమారం లేచింది. నిజమైన గుహలోకి కెమెరాతో పోతే తల్లికీ పిల్లలకూ, తీసేవారికీ కూడా ప్రమాదమని తీసినవారి వాదన. అందులో న్యాయం ఉంది. ఆ మాట దృశ్యం నడుస్తున్నప్పుడే చెప్పవలసిందని చూసినవారి బాధ. అందులోనూ న్యాయం ఉంది. 2016 నాటి 'ప్లానెట్ ఎర్త్ టూ'లో పాముల గుంపు నుంచి తప్పించుకునే ఇగ్వానా పిల్లను చూసి చప్పట్లు కొట్టని వారుండరు. ఆ దృశ్యం ఒకే ఇగ్వానాది కాదనీ, వేర్వేరు షాట్లను కలిపి కూర్చారనీ తర్వాత నిర్మాతే చెప్పారు. పాములూ నిజమే, పరుగూ నిజమే. కథ మాత్రం ఎడిటింగ్ బల్ల మీద అల్లింది.

ఇక మన వైపు సంగతి. ఏ సంకలనంలోనూ చోటు దొరకడం కష్టమైన పిట్ట ఒకటి మన కడప జిల్లాలో ఉంది. పేరు కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర, స్థానికంగా పిట్టలు పట్టేవారి సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దాన్ని మళ్ళీ కనుగొన్నారు. ఇది రాత్రిపూట తుప్పల్లో తిరిగే పిట్ట. నాట్యం చేయదు, వేటాడదు, రంపం మోత అనుకరించదు. ఆ తర్వాత పరిశోధకులు తుప్పల మధ్య మెత్తటి మట్టి పరచి అడుగుజాడలు చూశారు, తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు, రాత్రుళ్ళు కూత కోసం చెవులు రిక్కించారు. తెలుగుగంగ కాలువ ఆ పిట్ట ఉండే చోటు మీదుగా వెళ్ళబోతే, ఇలా పోగైన ఆధారాల బలంతోనే కాలువ దారి మార్చారు. ఏ తెర మీదా మెరవని నాలుగు అడుగుజాడలు ఒక కాలువను పక్కకు తిప్పాయన్నమాట! గొప్ప ఘట్టమంటే నా దృష్టిలో అదే.

అందుచేత డిస్కులు చూడవద్దని నా ఉద్దేశం కానే కాదు. తప్పకుండా చూడండి, పిల్లలతో కలిసి చూడండి. కాకపోతే ప్రతి ఘట్టం కాగానే ఒక్కసారి ఆపి, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ చోట తీశారు? కెమెరా పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడు? దీనికోసం ఎన్నాళ్ళు కాపు కాసి ఉంటారు? మొదట్లో పిల్లలు "అబ్బా, పోనీయమ్మా!" అంటారు. రెండు మూడు సార్లయ్యాక వాళ్ళే రిమోటు లాక్కుని "ఆగు తాతయ్యా, కెమెరా ఎక్కడుందో చెప్పు" అంటారు. ప్రశ్న వేయడం నేర్చిన పిల్లను రేపు ఏ వీడియో అయినా అంత తేలిగ్గా మోసం చేయలేదు. కంప్యూటరే లేని పులిని పుట్టించి చూపుతున్న ఈ రోజుల్లో అది చిన్న చదువేమీ కాదు.

చివరగా పిల్లలకు ఒక ఆట. 1963లో కెనడియన్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారు 'హింటర్‌ల్యాండ్ హూస్ హూ' అని నిమిషం నిడివి చిత్రాలు మొదలుపెట్టారు. వేణువు నాదంతో మొదలై, బీవరో, లూన్ పిట్టో, మూసో ఎలా బతుకుతుందో చెప్పి ముగుస్తాయి. వేట లేదు, ఉరుకులు లేవు. అయినా ఇక్కడ పుట్టి పెరిగిన పెద్దవారిని అడగండి, ఆ వేణువు చాలామందికి ఇంకా గుర్తే. మీరూ మీ పెరట్లోని ఉడుతనో, కిటికీ బయటి పిట్టనో ఒక్క నిమిషం వీడియో తీసి, తెలుగులో వ్యాఖ్యానం చెప్పండి. దాని పేరు, తిండి, గూడు చెప్పండి. ఒకే షరతు: ఎంతసేపు కాచుకున్నారో చివర్లో నిజం చెప్పాలి. తర్వాత అమ్మమ్మగారికి పంపండి. మీ తెలుగూ మెరుగవుతుంది, ఆవిడకు సంతోషమూ కలుగుతుంది.