అక్వేరియం నీళ్ళు తోడుకోనివ్వండి

అక్వేరియం నీళ్ళు కాస్త తెల్లగా మసకబారితే చాలు, మనవాళ్ళు ఆదివారం పూట పెద్ద కార్యక్రమం పెట్టుకుంటారు. చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ బాత్రూంలో పారబోసి, గులకరాళ్ళు కుళాయి కింద కడిగి, ఫిల్టర్ స్పాంజిని సబ్బు పెట్టి పిండి, అద్దాలు తుడిచి మళ్ళీ నిండా నింపుతారు. సాయంత్రానికి ట్యాంకు తళతళా మెరుస్తుంది. మూడో రోజుకి మళ్ళీ మసక. వారానికి ఒక చేప వెల్లకిలా తేలుతుంది. నేను చెప్పేది ఒకటే, ఆ చేపకి మసక కంటే మనం చేసిన శుభ్రమే ఎక్కువ ప్రమాదం.

గోల్డ్‌ఫిష్‌ని సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. క్లాసులో ఈ మాటంటే సగం మంది నవ్వారు. "అవి అంతేరా, రెండు వారాలు ఉంటాయి, పోతాయి" అన్నారు. కుక్కపిల్ల రెండు వారాల్లో చచ్చిపోతే ఎవరైనా అలా అంటారా? చేప అరవదు, మూలగదు. అందుకే దాని చావు మనకి రీఛార్జ్ అయిపోయినట్టు అనిపిస్తుంది, ఇంకోటి వేయించుకుంటే సరిపోతుంది.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నెట్‌లో వెతికినా ఇంగ్లీషులోనే వెతుకుతాను. అక్కడ అన్నిటికీ ఒకటే మాట, 'క్లౌడీ వాటర్'. సత్యనారాయణపురంలో ఉండే మా పిన్నికి ఇదే సంగతి చెప్తే ఆవిడ వెంటనే, "ఎలా ఉన్నాయిరా? పాలు కలిపినట్టా, పాచి పట్టినట్టా, బురదగానా?" అని అడిగింది. పిన్ని జీవితంలో చేపలు పెంచలేదు. కానీ అడగాల్సిన ప్రశ్న అదే. ఆ మూడూ మూడు వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరే.

బురద సంగతి తేలిక. ఇసుక, రాళ్ళు సరిగ్గా కడక్కుండా వేస్తే వస్తుంది. వానాకాలంలో కృష్ణకి కొత్తనీరు వచ్చినప్పుడు ఎర్రగా ఉండే ఒండ్రు లాంటిదే ఇది, కదపకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. వెనకటి రోజుల్లో ఊళ్ళల్లో బిందె లోపల చిల్లగింజ అరగదీసేవాళ్ళు, లేకపోతే పటిక తిప్పేవాళ్ళు. అది చూసి ట్యాంకులో కూడా పటిక వేద్దాం అనుకోకండి. పటిక నీళ్ళలోని క్షారగుణాన్ని తినేస్తుంది, పీహెచ్ పడిపోతుంది. బిందెలో చేపలు ఉండవు కాబట్టి అక్కడ నడిచింది. షాపుల్లో అమ్మే 'వాటర్ క్లియర్' సీసాల్లో చాలావాటి సూత్రం కూడా నలకల్ని ముద్దకట్టించడమే. నీళ్ళు తేటపడతాయి, జబ్బు అలాగే ఉంటుంది. పచ్చగా మారితే అది వెలుతురు ఎక్కువైందని అర్థం. మన బెజవాడ ఎండ పడే కిటికీ పక్కనుంచి ట్యాంకుని జరిపి, లైటు రోజుకి ఆరేడు గంటలకి తగ్గించి, మేత తగ్గిస్తే దారికొస్తుంది.

అసలు గొడవంతా పాలలాంటి తెలుపుతోనే. కొత్త ట్యాంకులో మిగిలిపోయిన మేత, చేపల మలం తిని బాక్టీరియా ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ తెలుపు అదే. దాన్ని ముట్టుకోకపోతే కొద్దిరోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కానీ కంటికి కనపడని పని ఇంకోటి జరగాలి. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి, అది వాటికే విషం. ఒక రకం సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాని నైట్రైట్ చేస్తాయి. అది కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తాయి, దాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి ఉండేది ఎక్కువగా నీళ్ళలో కాదు, స్పాంజిలో, గులకరాళ్ళ మీద. అంటే మనం ఆదివారం సబ్బు పెట్టి కడిగేది సరిగ్గా వాటినే. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, మిగిలినవాటి పని అది పడుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ లాగ్ చూడకుండా సిస్టమ్ ఫార్మాట్ కొట్టడం.

కైకలూరు వైపు మా పెదనాన్న చెరువులు లీజుకి తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతారు. ఆయన దగ్గర తేటనీళ్ళ గొప్ప చెప్తే నవ్వుతారు. "నీళ్ళు అద్దంలా ఉంటే చేప ఏం తింటుందిరా?" చెయ్యి మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనపడకూడదట. పచ్చదనం ఉన్నట్టుండి విరిగి నీళ్ళు తేటపడితే ఆ రాత్రి ఆయనకి నిద్ర ఉండదు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని. ఇంట్లో రెండడుగుల ట్యాంకు చెరువు కాదు, పచ్చగా పెట్టుకోమని నేననడం లేదు. కానీ చేపల మీద బతికే మనిషి నీళ్ళలో చూసేది ఒకటి, సోఫాలో కూర్చుని మనం చూసేది ఇంకోటి. మనకి కావాల్సింది షోకేసు.

"మరి చేపలు ఇబ్బంది పడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వద్దు. అమ్మోనియా టెస్ట్ కిట్ కొనండి, సీసా మందు కంటే అది నయం. అమ్మోనియా కనపడితే నాలుగో వంతు నీళ్ళు మార్చండి, అవసరమైతే రోజూ. పోసే నీళ్ళకి క్లోరిన్ తీసే మందు కలపండి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. ఎయిర్ పంపు ఆపకండి, ఎందుకంటే ఆ తెల్ల బాక్టీరియా కూడా ఆక్సిజన్ పీలుస్తుంది. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. మే నెలలో మన ఇళ్ళల్లో 30 అంటే చల్లగా ఉన్నట్టే.

నా అసలు ఫిర్యాదు అమ్మకం మీద. నేను చూసిన షాపుల్లో ట్యాంకు, రాళ్ళు, ఫిల్టరు, అరడజను చేపలు ఒకే రోజు, ఒకే బిల్లు. కొనేవాళ్ళ పక్కన పిల్లలుంటే ఇంకా త్వరగా అయిపోతుంది. ముందు ట్యాంకు అమ్మి, నెల తర్వాత చేపలకి రమ్మని చెప్పే షాపు ఒక్కటి తగల్లేదు. అలా చెప్తే గిరాకీ పోతుందని భయం. చేపలు చచ్చిపోయి విసిగి ట్యాంకుని అటక మీద పడేసినవాళ్ళు మళ్ళీ ఆ షాపు మెట్లెక్కుతారా? ఆ గిరాకీ లెక్క ఎవరూ వేసుకోరు.

నెల ఆగలేం అనేవాళ్ళకి ఒక దారుంది. పెరుగు ఎలా తోడు పెడతామో అదే. పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి తోడు తెచ్చుకుంటాం కదా, అలాగే ఎప్పటినుంచో చేపలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు ఎవరిదైనా ఉంటే వాళ్ళ ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడగండి. ఆ ట్యాంకు నీళ్ళలోనే తడిగా తెచ్చి, ఆరిపోకముందే మీ ఫిల్టర్‌లో పెట్టండి. కుళాయి కింద మాత్రం కడక్కండి. ఎప్పుడైనా బాగా మట్టిపడితే, ట్యాంకులోంచి మగ్గుతో తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండితే సరిపోతుంది.