కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి



మా బడంగ్‌పేట్‌లో మిక్సీ కొన్నా వాడకం చెప్పే పుస్తకం చేతికిస్తారు. లైంగిక సుఖం కోసం గుట్టుగా తెప్పించుకున్న మసాజర్ పెట్టెలో మాత్రం అది దేనితో చేశారో కూడా లేదు. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. నాసిరకం మెత్తటి ప్లాస్టిక్‌లో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. ఎంత కడిగినా క్రిములు మిగిలి ఇన్ఫెక్షన్లు రావచ్చు. సిలికాన్ సబ్బునీళ్లతో శుభ్రపడుతుంది, దానికి జారుడు కోసం నీటితో చేసిన జెల్లే వాడాలి. తడి ఆరకుండా ఛార్జింగ్ పెట్టకూడదు. ఇవి ఆడవాళ్లకు చెప్పాల్సిన మాటలు కావా?

బాడీ మసాజర్లను అశ్లీలమంటూ కస్టమ్స్ ఆపడం చెల్లదని 2024లో బాంబే హైకోర్టు తేల్చింది. ఇలాంటి లైంగిక సాధనాల భద్రతకు 2021లోనే ఐఎస్‌ఓ 3533 ప్రమాణం వచ్చింది. దాన్ని ఇక్కడ అమ్మే ప్రతి పరికరానికీ తప్పనిసరి చేయించండి. పదార్థం పేరు, శుభ్రపరిచే పద్ధతి తెలుగులో ముద్రించనిదే అమ్మనివ్వకండి.

ఇట్లు,
బడంగ్‌పేట్ గృహిణి