యాడి సూది కూడా అర్జీ రాయగలదు

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. ఈ రెండు రోజులూ మన యాడీల పేటియా, కాంచళి పెట్టెలోంచి బయటికొస్తాయి. స్టేజీ మీద డాన్సు, నాయకుల పక్కన ఫొటో, మళ్లీ పెట్టెలోకి. అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో నెలల తరబడి కుట్టిన పని మనకు డ్రెస్సుగానే మిగిలిపోయింది. నేననేది ఒక్కటే: ఆ సూదితో మన నీళ్ల గురించి, అడవి గురించి కూడా చెప్పించాలి.

ఎందుకంటారా? మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో నిలబడి సాగర్ అవతలికి చూడండి. అటు నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు. అక్కడున్నదీ మన తండాల వాళ్లే. ఆ నేల కింద యురేనియం ఉంది. 2003లో తవ్వకాలకని ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా వద్దన్నారు. 2019లో నల్లమలలో మళ్లీ అదే గొడవ. అప్పుడు తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. తవ్వకం ఆగింది గానీ ఖనిజం ఎక్కడికీ పోలేదు. ఆ సాగర్ నీళ్లే కుడి కాలవలో మన పొలాలకొచ్చేది. పైగా పల్నాడు ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు, పెసా చట్టం మనకు వర్తించదు. అంటే మన గొంతు మనమే పెంచుకోవాలి.

ఇలాంటి ప్రాజెక్టుల రిపోర్టులు వందల పేజీలుంటాయి, అవీ ఇంగ్లీషులో. చదువు రాని యాడి వేలిముద్ర వేస్తుంది, అంతే. అదే ఆమెకు సూది ఇవ్వండి. కుంట ఎక్కడుండేదో, ఏ వాగు ఎండిందో, ఏ చెట్లు పోయాయో బట్ట మీద చూపిస్తుంది. అది ఆమె సాక్ష్యం.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 2005లో లాస్ ఏంజిలెస్‌లో వర్థైమ్ అక్కచెల్లెళ్లు సముద్రంలో చచ్చిపోతున్న పగడపు దిబ్బల కోసం ఊలుతో పగడాలు అల్లడం మొదలుపెడితే, వేల మంది ఆడవాళ్లు చేతులు కలిపారు. మన దగ్గరికొస్తే, 2023 జులైలో హంపి జీ20 సమావేశాల్లో సండూరు లంబాణీ మహిళల పని 1,755 వస్తువులతో గిన్నిస్ కెక్కింది. మనందరికీ గర్వమే. కానీ సండూరు అంటే ఇనుప ఖనిజం కోసం తవ్విన కొండలు కూడా. ఆ కుట్లు ఆ కొండల గురించి కూడా చెబితే ఎంత బాగుండు!

"బట్ట కుడితే గని ఆగుద్దా?" అంటారు. ఆగదు. ఆపేది తీర్మానాలు, కోర్టు కేసులు, జనం ఐక్యత. కాకపోతే పది మంది యాడీలు ఒకచోట కూర్చుని కుట్టేటప్పుడే ఆ ఐక్యత మొదలవుద్ది.

ఈ సెలవుల్లో తండాకి ఒక్క బొంత చేద్దాం. కొత్త పాలిస్టర్ వద్దు, పాత నూలు చీరలే చాలు. యాడి కుడుతుంది, పక్కన కూర్చుని ఆమె మాట తెలుగులో రాసేది మనం. అర్జీతో పాటు ఆ బొంతని గ్రామసభలో పరుద్దాం. దాని మీద కుట్టినవాళ్ల పేర్లే ఉండాలి, మనవి కాదు.

మీ తండాలో ఎవరు మొదలుపెడతారో కామెంట్లో చెప్పండి.